కథల బడిలో ఎనిమిది గురువారాలు

ఉద్యోగం, ఇల్లు, పిల్లల క్లాసులు ఒక దారిన పడ్డాక మన వయసువాళ్లు చాలామంది ఏదో ఒకటి కొత్తగా మొదలుపెడతారు. కొందరు మారథాన్‌కి తయారవుతారు, కొందరు పెరట్లో సొరపాదు పెడతారు. నేను కథలు రాయడం నేర్చుకుందామని చేరాను. డాలస్ శివార్లలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో, కొత్తవాళ్ల కోసం ఎనిమిది వారాల సాయంత్రం తరగతి అది. ప్రతి గురువారం రెండు గంటలు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. ఒక రిటైర్డ్ నర్సు, ఒక ట్రక్ డ్రైవరు, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఇరవై ఏళ్లుగా కోడ్ రాస్తున్న నేను, ఇంకో ఏడుగురు. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. కానీ అక్కడ నేర్చుకున్నది నాకు తెలుగులోనే ఎక్కువ అక్కరకొచ్చింది.

పొగడ్త కాదు, వివరం

మొదటి రోజు టీచరు గారు బోర్డు మీద ఒకే వాక్యం రాశారు. మన మాటల్లో చెప్పాలంటే, 'మా నానమ్మ చాలా మంచిది' అని. "ఇది ఎవరి నానమ్మకైనా సరిపోతుంది. మీ నానమ్మకి మాత్రమే సరిపోయే వాక్యం రాయండి" అని పది నిమిషాలు ఇచ్చారు. నేను ఇలా రాశాను: 'నానమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ రెండు పావలాలు ఉండేవి. ఒకటి నాకు, ఒకటి మా ఇంట్లో అంట్లు తోమే ఆమె కొడుక్కి.' మంచిది అన్న మాట లేకుండానే నానమ్మ మంచితనం క్లాసులో అందరికీ తెలిసిపోయింది.

రెండో వారం పాఠం ఇంకా చిన్నది. కథలో మనిషికి ఏదో కావాలి, దానికి ఏదో అడ్డం పడాలి. ఇది వినగానే నాకు చాసో కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా' గుర్తొచ్చింది. చదువుకోవాలని ఆరాటపడే కుర్రాడు, చదివించే స్తోమతు లేని తండ్రి. హత్యలు, మలుపులు ఏమీ లేకుండానే చదివినవాళ్ల గుండె బరువెక్కుతుంది.

మూడో వారం, కథ ఎక్కడ మొదలుపెట్టాలన్నది పాఠం. వాతావరణం వర్ణించి, వంశవృక్షం చెప్పి, తర్వాత అసలు విషయానికి రావక్కర్లేదు. జరుగుతున్నదాని మధ్యలోకే పాఠకుణ్ణి తీసుకెళ్లొచ్చు. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' మూసిన తలుపు దగ్గర, మాటలతోనే మొదలవుతుంది. వందేళ్ల కిందటే మన ఇంట్లో ఉన్న పాఠాన్ని టెక్సాస్‌లో ఫీజు కట్టి నేర్చుకుంటున్నందుకు నవ్వొచ్చింది.

సంభాషణల వారం వచ్చేసరికి తెలుగువాడినైనందుకు గర్వపడ్డాను. ఇంగ్లిష్‌లో ఎవరినైనా ఒకే 'యూ'. మనకి నువ్వు, మీరు, తమరు. రోజూ 'ఏరా' అని పిలిచే బాబాయి ఒకరోజు 'మీరు ఎప్పుడొచ్చారు?' అన్నాడంటే, ఆయనకి ఎంత కోపమొచ్చిందో వేరే చెప్పాలా? మాటతోనే ఊరూ తెలుస్తుంది. నామిని కథల్లో చిత్తూరు వైపు పల్లె, రావిశాస్త్రి కథల్లో విశాఖ వినపడతాయి.

అమ్మ చేతిలో లాంతరు

ఆరో వారం హోంవర్కు: ఇంట్లో పెద్దవాళ్లని వాళ్ల జీవితంలో ఒక్క రోజు గురించి అడిగి రాయాలి. దానికో షరతు. 'అప్పుడు ఎలా అనిపించింది?' అని అడగకూడదు. చేతిలో ఏముంది, ఏం వాసన వచ్చింది, పక్కన ఎవరున్నారు, వాళ్లేమన్నారు, ఇవే అడగాలి.

మా అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చిననాటికి తనకి పదిహేడేళ్లు. వేలమందిని మింగిన ఆ రాత్రి గురించి మా ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్నది ఒక్క మాటే: "ఉప్పెనొచ్చింది, అంతా పోయింది." విజయవాడకి ఫోన్ చేసి, "ఆ సాయంత్రం నీ చేతిలో ఏముందమ్మా?" అని అడిగాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"లాంతరు" అంది. "చిమ్నీ పగలకుండా వోణీ చుట్టి పట్టుకుని డాబా ఎక్కాను. తీరా చూస్తే చిమ్నీ బాగానే ఉంది, అగ్గిపెట్టె తడిసిపోయింది."

ఇక ఆగలేదు. తెల్లారి చూస్తే కోతకొచ్చిన వరిచేలు ఎక్కడున్నాయో తెలియలేదట. బావి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. పక్కింట్లో తన ఈడు స్నేహితురాలి పేరు నాకు ఆరోజే మొదటిసారి చెప్పింది. "పెళ్లికి పెట్టుకుంటానని దాని రిబ్బన్లు అడిగి తెచ్చుకున్నాను రా. నా దగ్గరే ఉండిపోయాయి."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "అడిగితే ఏడుస్తానని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేనూ చెప్పేదాన్ని కాదు" అంది.

అదంతా మొదట తెలుగులో రాసుకుని, తర్వాత క్లాసు కోసం ఇంగ్లిష్‌లోకి మార్చాను. అక్కడ ఒక పద్ధతి ఉంది. మనం రాసింది మిగతావాళ్లు చర్చించుకుంటుంటే మనం నోరు విప్పకూడదు. 1936లో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ వల్ల అమెరికా అంతటా పాకిన పద్ధతి ఇది. చర్చంతా అయ్యాక ట్రక్ డ్రైవరు ఒక్కటే అడిగాడు: "ఆ లాంతరు ఇప్పుడెక్కడుంది?" మళ్లీ అమ్మకి ఫోన్ చేయాల్సి వచ్చింది. అది మా పెద్దమామయ్య ఇంట్లో అటక మీద ఉందట.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ చదవలేదు. అందుకని నేనే చదివి వినిపించాను. అంతా విని ల్యాప్‌టాప్ తెచ్చి నానమ్మకి వీడియో కాల్ చేసింది. "ఆ రిబ్బన్లు ఏ కలర్ నానమ్మా?" "ఎర్రవి, బంగారం." వాళ్లిద్దరూ ఆరోజు ముప్పావుగంట మాట్లాడుకున్నారు. అంతకుముందు వాళ్ల సంభాషణ 'తిన్నావా, తిన్నాను'తో అయిపోయేది.

మీరూ మొదలుపెట్టొచ్చు

రచయితలు కావాలని కాదు. మన పిల్లలకి ఇంటిపేరు తెలుసు, ఊరి పేరు తెలుసు. ఆ ఊళ్లో ఎవరు ఎలా బతికారో చెప్పగలిగేవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. మీ దగ్గర్లోని లైబ్రరీలోనో, కమ్యూనిటీ కాలేజీలోనో ఇలాంటి తరగతులు ఉన్నాయేమో కనుక్కోండి. లేకపోతే నలుగురు స్నేహితులు నెలకోసారి కలిసి, తలా ఒక పేజీ చదువుకున్నా చాలు. మా డాలస్‌లో టాంటెక్స్ వారి 'నెల నెలా తెలుగు వెన్నెల' సాహిత్య సదస్సు ఉంది. మంచి కథలు చదవాలంటే, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం వేలాది తెలుగు కథల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. టైపింగ్ రాదని వెనక్కి తగ్గొద్దు. ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అదే రాసిపెడుతుంది.

ఇవేవీ కుదరకపోయినా, ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక రోజు గురించి అడగండి. పెళ్లి రోజో, ఊరు వదిలిన రోజో, మొదటి జీతం అందుకున్న రోజో. ఆరోజు చేతిలో ఏముందో అడిగి, వాళ్లు చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకుండా వినండి.