సరిహద్దు తెలుగు: చెవికి చిక్కని పదములు

కర్ణాటకమందలి చిక్కబళ్లాపుర జిల్లాలో నాగరగెరె మొదలు బాగేపల్లి, చింతామణి వఱకు గల పల్లెలలో పలువురకు ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడము. ఈ తెలుగు వినిన కోస్తావారు కొన్నియెడల తికమకపడి, దోషమును పలికినవారిపై మోపుదురు. అది న్యాయము కాదు.

వినువాడు పదము ముగియువఱకు వేచియుండడు. తొలి ధ్వనులు చెవినిబడగనే వానితో ఆరంభమగు పదములన్నియు మనస్సున మేల్కొనును. పిదపవచ్చు ధ్వనులు సరిపడనివానిని త్రోసివేయును. 1978లో మార్స్‌లెన్-విల్సన్, వెల్ష్ అను పండితులు ప్రతిపాదించిన సిద్ధాంతమిది.

కావున ‘గేదె’ను మాత్రమే యెఱిగినవాడు ‘ఎనుము’ అను మాట వినినచో, మొదట ‘ఎనిమిది’ వంటివి తోచి, తుదకేదియు మిగులదు. కాని ఎనుము క్రొత్తమాట కాదు. తమిళ ఎరుమై, కన్నడ ఎమ్మె దాని తోబుట్టువులే.

తెలియని పదమంత చేటు చేయదు, అర్థమడుగవచ్చును. తెలిసినట్లు తోచునదియే మోసగించును. రాయలసీమ పోలికలుగల యీ వాడుకలో ‘వస్తా ఉండాను’ అనగా వచ్చుచున్నానని యర్థము. ‘వస్తా’ వఱకే చెవినబడినచో, సగము దారిలోనున్నవాడు ఇంకను బయలుదేరనేలేదని వినువాడు తలచును. ‘తిండి’ కన్నడమున ఉదయపు ఫలహారము. ఆ వాడుక అలవడినవారు ‘తిండి అయిందా?’ అనినచో కోస్తావానికి భోజనము స్ఫురించును.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము ఆంధ్రప్రదేశములోని పల్లెల వాడుకను గ్రంథస్థము చేసినది. ఎల్లకావలి యీ పల్లెలకును అట్టి సేకరణ కావలెను. పదములతోపాటు ఉచ్చారణమును గూడ ధ్వనిముద్రణము చేయవలెను. మాటను విని అక్షరములుగా మార్చు నేటి యంత్రములును తమకు వినిపించిన తెలుగునే చక్కగా గుర్తించును గదా!