స్తెపాంచికొవో గ్రామము: వికటానుకరణమునకు ఆవల

దస్తయేవ్‌స్కీ పేరు వినినంతనే నేరము, శిక్ష, అంతర్మథనము స్ఫురించును. ఆయనను హాస్యరచయితగా తలచువారు అరుదు. కాని 1859లో వెలువడిన ‘స్తెపాంచికొవో గ్రామము, అందలి నివాసులు’ అను నవలిక ఆద్యంతము ప్రహసనప్రాయము.

కర్నలు రస్తానెవ్ మెత్తని మనసు గల భూస్వామి. ఆయన యింట చేరిన పరాన్నభుక్కు ఫొమా ఒపీస్కిన్. ఇతడు పూర్వమొక జనరలు కొలువులో విదూషకుడై, మృగముల ననుకరించి పొట్టపోసికొన్నవాడు. ఆ జనరలు మరణింపగా, ఆయన భార్యయు కర్నలునకు తల్లియు నైన వృద్ధురాలి యండతో ఇతడే ఆ యింటికి నీతిగురువాయెను. ముసలి సేవకుడు ఫ్రెంచి నేర్వవలెను. దాసబాలుడు ఫలలేయ్‌నకు కలలో తెల్లయెద్దు కనబడుట నేరము. కర్నలు తన్ను జనరలునకు చెల్లు బిరుదముతో సంబోధింపవలెను. ఇవి యాతని శాసనములు.

మోలియేర్ సృష్టించిన తార్తూఫ్ ఇచట జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని తార్తూఫ్ కోరినది ఆస్తి. ఫొమా యన్ననో, ఇల్లు విడిచిపొమ్మని కర్నలు పదునైదువేల రూబుళ్లీయగా వానిని విసరివైచెను. ఆతడు కోరునది పూజ. అవమానితుడు అధికారము చేజిక్కినపుడు అవమానించువాడగుట ఇందలి హాస్యబీజము. తార్తూఫ్‌ను తుదకు రాజాజ్ఞ శిక్షించెను. ఫొమా గెంటివేయబడియు మరల వచ్చి, ప్రేమికుల చేతులు కలిపి, పూర్వముకన్న ఎక్కువగా పూజింపబడెను.

ఫొమా ప్రసంగములు గొగోల్ 1847లో ప్రకటించిన ‘మిత్రులతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరములనుండి ఎన్నిన భాగములు’ అను గ్రంథమునకు వికటానుకరణములని యూరీ తిన్యానొవ్ 1921లో సోదాహరణముగ నిరూపించెను. తనకు స్మారకస్తంభము వలదని గొగోల్ వ్రాసిన మరణశాసనమే ఫొమా నోట పరిహాసమైనది. ఇందొక విశేషము కలదు. ఆ గ్రంథమును ఖండించుచు బెలీన్‌స్కీ వ్రాసిన లేఖను పెత్రషేవ్‌స్కీ గోష్ఠిలో చదివినందుకే దస్తయేవ్‌స్కీపై 1849లో ప్రధానమగు నేరారోపణము జరిగెను. మరణదండన తుదిక్షణమున తప్పి, సైబీరియాలో నాలుగేండ్లు కఠినశిక్ష ననుభవించి, సెమీపలాతిన్‌స్క్‌లో సైనికుడై యుండి ఆయన ఈ నవలికను వ్రాసెను. తన్ను సంకెళ్లపాలు చేసిన వివాదమును ద్వేషముతో గాక నవ్వుతో స్పృశించుట సామాన్యము కాదు.

అయినను మూలగ్రంథ మెరుగనివాడును దీనిని చదివి నవ్వగలడు. తిన్యానొవ్ పరిశోధనమునకు ముందే, 1891లో స్తానిస్లావ్‌స్కీ దీనిని రంగస్థలమున ప్రదర్శించి తానే కర్నలు పాత్ర ధరించెను. 1917లో మాస్కో ఆర్ట్ థియేటరు మరల ప్రదర్శించెను. అనుకరింపబడిన గ్రంథమును మరచినను నిలుచునదే ఉత్తమ వికటానుకరణము. ఇట నవ్వునకు గురియైనవాడు గొగోల్ మాత్రమే కాడు, ఫొమా మాత్రమే కాడు. ఫొమాను గద్దెనెక్కించి మ్రొక్కు మంచివారందరును. పరిశోధకుడు మూలమును చూపుటతో తృప్తినొందక, మూలముతో పనిలేక మిగిలిన ఈ యంశమును గూడ విచారింపవలెను.