హెడ్మాస్టరుగారు, అసిస్టెంటు హెడ్మాస్టరుగారు

పాఠశాల బాగుంటే హెడ్మాస్టరుగారి చలవ అంటారు. చెడితే ఆయన చేతకానితనం అంటారు. ప్రక్క గదిలో కూర్చుండి పనిచేసే అసిస్టెంటు హెడ్మాస్టరుగారి పేరు ఈ రెండు సందర్భాలలోను ఎవరికీ జ్ఞాపకం రాదు. అయితే ఆ రెండు గదుల మధ్య కాగితాలు మోసే మావంటి గుమాస్తాలకు ఒక సంగతి బాగా తెలుసును. ఆ ఇద్దరి మధ్య సఖ్యత ఉన్నంత కాలం పాఠశాల తనంతట తానే నడిచినట్లుంటుంది. అది చెడిననాడు ప్రతి చిన్న పనీ పంచాయితీకి ఎక్కుతుంది.

తమిళనాడులో మన తెలుగువారు నడుపుకొనే ఉన్నత పాఠశాలలను మనసులో ఉంచుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇతర రాష్ట్రాలలోని పాఠకులు తమ ఊరి నిబంధనలకు తగినట్లు వీనిని అన్వయించుకొనవచ్చును.

పూర్వం పాఠశాల చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ముగిసేది. పి.యు.సి.కి కళాశాలకు పోయేవారు. 1978లో ప్లస్ టూ రావడంతో ఆ పై చదువు కూడ పాఠశాల ఆవరణలోనికి వచ్చింది. లాబొరేటరీలు, ప్రాక్టికల్ పరీక్షలు, పోస్టుగ్రాడ్యుయేటు ఉపాధ్యాయులు వచ్చారు. ఇప్పుడు పిల్లల వివరాలన్నీ కంప్యూటరులో కూడ ఎక్కించవలసి ఉన్నది. ఇంత పని ఒక్కరి చేతిమీదుగా జరిగేది కాదు. కాబట్టి అసిస్టెంటు హెడ్మాస్టరు పదవి అలంకారానికి ఉన్నది కాదని మొదట హెడ్మాస్టరుగారే గ్రహించవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసినది పని పంపకం. జూన్‌లో పాఠశాల తెరువక ముందే ఇద్దరూ కూర్చుండి ఎవరి పని ఏదో కాగితం మీద పెట్టుకొనవలెను. టైంటేబులు, సెలవులో ఉన్నవారి బదులు క్లాసులకు ఇతరులను పంపడం, ఆలస్యంగా వచ్చే పిల్లల సంగతి, పరీక్షల ఏర్పాట్లు, లాబొరేటరీ సామాను లెక్క, ఇవి ఎవరివి? జీతాల బిల్లులు, విద్యాశాఖతో ఉత్తర ప్రత్యుత్తరాలు, కమిటీ సమావేశాలు ఎవరివి? ఆ కాగితాన్ని ఉపాధ్యాయులందరికీ చదివి వినిపించవలెను. నోటిమాటగా చేసుకొన్న పంపకం ఆగస్టు నాటికి ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

పని అప్పగించినవారు దానికి తగిన అధికారం కూడ అప్పగించవలెను. ఒక ఉదాహరణ చెప్పుతాము. ఒకనాడు ముగ్గురు ఉపాధ్యాయులు సెలవు పెట్టారనుకొందాము. ఒక్కొక్కరికి ఐదు పీరియడ్ల చొప్పున పదిహేను పీరియడ్లకు మనుషులను వెదకవలెను. అది మొదటి గంట కొట్టక ముందే జరగవలెను. అసిస్టెంటు హెడ్మాస్టరుగారు తంటాలు పడి పుస్తకంలో పేర్లు వ్రాసి పంపుతారు. ఒక ఉపాధ్యాయుడు ఆ పుస్తకం పట్టుకొని నేరుగా హెడ్మాస్టరుగారి గదికి పోయి, “నిన్న కూడ నాకే వేశారు సార్” అంటాడు. ఆయన మొహమాటానికి పోయి ఆ పేరు కొట్టివేస్తే, మరునాటి నుండి ఆ పుస్తకానికి విలువ ఉండదు. “వారితోనే మాట్లాడండి” అని పంపి, నిజంగా అన్యాయం జరిగి ఉంటే సాయంత్రం అసిస్టెంటుగారితో విడిగా చెప్పవచ్చును. ఆ దిద్దుబాటు వారి చేతనే చేయించడం మంచిది.

ఇంకొక పొరపాటు చాలచోట్ల కనబడుతుంది. గద్దించే పనులన్నీ అసిస్టెంటుగారికి, బహుమతులు పంచే పనులన్నీ హెడ్మాస్టరుగారికి చేరుతవి. పూర్వం బెత్తం పట్టుకొని వరండాలో తిరిగేది కూడ ఆయనే. బెత్తం కాలం పోయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇప్పుడు క్రమశిక్షణ అంటే బిడ్డను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి ఓపికగా మాట్లాడడం. ఈ బరువు ఇద్దరూ పంచుకొనవలెను. అట్లాగే బాగా చదివినవారికి బహుమతి ఇచ్చే చేయి అప్పుడప్పుడు అసిస్టెంటుగారిది కూడ కావలెను. ఏడాది పొడుగునా కోపపు ముఖమే చూపించవలసి వచ్చిన మనిషికి పిల్లల ప్రేమ ఎట్లా దక్కుతుంది?

ఇక అసిస్టెంటు హెడ్మాస్టరుగారి ధర్మం. ఉపాధ్యాయుల గదిలోని అసంతృప్తి ముందుగా వారి చెవినే పడుతుంది. అటు తోటివారు, ఇటు హెడ్మాస్టరుగారు, మధ్య వారిది అడకత్తెరలో పోకచెక్క వంటి స్థితి. ఎవరు ఏమన్నారో పేర్లతో సహా మోసుకొనిపోతే ఉపాధ్యాయులు నమ్మరు. ఏమీ చెప్పకపోతే హెడ్మాస్టరుగారు చీకటిలో ఉంటారు. మనిషి పేరు చెప్పకుండ విషయం మాత్రం చెప్పడం నేర్చుకొనవలెను. చెడ్డవార్త ఏదైనా ఉంటే ఆనాడే చెప్పవలెను. హెడ్మాస్టరుగారి నిర్ణయం తప్పని తోస్తే గదిలో గట్టిగా వాదించవచ్చును. బయటికి వచ్చిన తరువాత ఇద్దరి మాటా ఒకటే కావలెను. ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెత పాఠశాలకు కూడ వర్తిస్తుంది.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ప్రతి ఉదయం ప్రార్థన గంటకు ముందు పదిహేను నిమిషాలు ఇద్దరూ కలిసి కూర్చుంటే చాలును. ఆనాడు రానివారెవరు, పంపవలసిన జాబులేవి, వస్తామన్న తల్లిదండ్రులెవరు అని చూసుకొని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటే సగం తగవులు పుట్టనే పుట్టవు. పబ్లిక్ పరీక్షకు పంపే పేర్ల జాబితా వంటివి ఇద్దరూ విడివిడిగా చదవడం మంచిది. తండ్రి పేరులో ఒక అక్షరం తప్పినా, పుట్టిన తేదీలో ఒక అంకె మారినా, సర్టిఫికెట్టు వచ్చిన పిమ్మట ఆ కుటుంబం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుందో గుమాస్తాలమైన మాకు తెలుసును.

మన పాఠశాలలకు ఇంకొక చిక్కు ఉన్నది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. భాషను బట్టి అల్పసంఖ్యాకులైన మనకు కూడ ఆ హక్కు ఉన్నది. అందుచేత మన పెద్దలే కమిటీలో ఉంటారు. వారిలో కొందరు హెడ్మాస్టరుగారిని కాదని, బంధుత్వం కొద్దీ అసిస్టెంటుగారిని పిలిచి, “మన అబ్బాయికి సీటు సంగతి చూడు నాయనా” అంటారు. అసిస్టెంటుగారు అక్కడ ఒప్పుకొని వస్తే రెండు గదుల మధ్య అనుమానం పుడుతుంది. “హెడ్మాస్టరుగారితో ఒక మాట చెప్పండి బాబుగారూ” అని వినయంగా తప్పుకొనడమే క్షేమం.

ఈ అనుమానం ఎంతవరకు పోతుందో చెప్పుతాము. 2006 నాటి చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలలలో తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేశారు. ఒకటవ తరగతితో మొదలైన ఆ నియమం ఏటికొక తరగతి చొప్పున ఎక్కి 2015–16 నాటికి పదవ తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషలవారు కోర్టులకు పోయి మినహాయింపులు తెచ్చుకొంటూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడ ఒక సంవత్సరానికి మినహాయింపు ఇచ్చింది. ఇట్టి పరిస్థితులలో తండ్రి వచ్చి అడిగే మొదటి ప్రశ్న, “మా పిల్ల తెలుగులో పరీక్ష వ్రాయవచ్చునా?” అన్నదే.

మేమెరిగిన ఒక పాఠశాలలో ఈ ప్రశ్నకు హెడ్మాస్టరుగారు ఒక జవాబు, అసిస్టెంటుగారు మరొక జవాబు చెప్పారు. ఇద్దరూ మంచివారే. ఒకరితో ఒకరు మాట్లాడుకొనడం మానివేసి అప్పటికి ఆరు నెలలైనది. రెండు జవాబులు విన్న తండ్రులు వరండాలోనే కూడబలుక్కొని సర్టిఫికెట్లు అడిగారు. అవి వ్రాసి ఇచ్చింది మేమే. మరుసటి ఏడాది ఆరవ తరగతి తెలుగు సెక్షనుకు చాలినంతమంది పిల్లలు లేరు. ఒకసారి ఎత్తివేసిన సెక్షనును మరల తెరిపించడం ఎంత కష్టమో మన సంఘం పెద్దలకు చెప్పనక్కరలేదు.

చివరగా హెడ్మాస్టరుగార్లకు ఒక మనవి. తమిళనాడులో 2021 నుండి పదవీ విరమణ వయస్సు 60 ఏండ్లు. ఆ రోజు అందరికీ వస్తుంది. తాళపు చేతులతోపాటు పని కూడ నేర్పి వెళ్ళితే మీ తరువాతివారు తడుముకొనరు. బిల్లు ఎట్లా తయారవుతుందో, విద్యాధికారితో ఎట్లా మాట్లాడవలెనో ఇప్పటినుండే దగ్గర ఉంచుకొని చూపించండి. తల్లిదండ్రులు, కమిటీ పెద్దలు కూడ ఏ గదిలో ఒక మాట విన్నారో రెండవ గదిలో దానికి వేరే జవాబు వెదకరాదు. వచ్చే జూన్‌లో మీ పిల్లలను చేర్చడానికి పోయినప్పుడు ఇద్దరికీ నమస్కారం చేసి రండి.