మసక వెలుతురులో తేలే చిప్పు సత్తా

నాబ్ తిప్పితే ఎల్ఈడీ దీపం వెలుగు తగ్గాలి, పెరగాలి. పని ఇంతే. దీనికి ఏ మైక్రోకంట్రోలర్ కొనాలనేసరికి చాలామంది వేగం ఎంత, మెమరీ ఎంత అని ఆరా తీస్తారు. ఈ పనికి ఆ రెండూ ఎంత తక్కువున్నా సరిపోతాయి. చూడాల్సింది చిప్పు లోపలి టైమర్‌ను, అది ఎన్ని బిట్లదో.

ఎల్ఈడీ వెలుగు తగ్గించడమంటే దాన్ని వెంటవెంటనే వెలిగించి ఆర్పడమే. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా చేస్తే కన్ను ఆ మిణుకును పసిగట్టలేదు, సగటు వెలుగునే చూస్తుంది. ప్రతి విడతలో దీపం ఎంతసేపు వెలగాలో టైమర్ చూసుకుంటుంది. ఈ పద్ధతే పీడబ్ల్యూఎం. 8 బిట్ల టైమర్ విడతను 256 భాగాలు చేస్తుంది.

256 మెట్లు చాలవా? పైన చాలు, అడుగున చాలవు. విడతలో సగంసేపు వెలిగే దీపం మన కంటికి దాదాపు ముప్పాతిక వెలుగులా కనిపిస్తుంది. సగం వెలుగు అనిపించాలంటే నూటికి 18 పాళ్లు వెలిగితే సరి. అందుకే చీకటికి దగ్గరి మెట్లన్నీ కంటికి ఎత్తుగా ఉంటాయి. 200 భాగాల నుంచి 201కి పెంచితే ఎవరికీ తెలియదు. ఒక భాగం నుంచి రెండుకు పెంచితే వెలుగు రెట్టింపు! గదిలో మిగతా లైట్లు ఆర్పి నాబ్‌ను అడుగు నుంచి మెల్లగా తిప్పండి. వెలుగు గంతులు వేస్తూ పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు చిప్పుల సంగతి. ఏటీటైనీ13ఏకు ఎనిమిది కాళ్లు, 1 కిలోబైట్ ప్రోగ్రామ్ మెమరీ, 64 బైట్ల ర్యామ్. నాబ్‌ను చదివే 10 బిట్ల ఏడీసీ ఉంది, చిప్పు నడవడానికి విడిగా క్రిస్టల్ అక్కర్లేదు. మామూలు దీపానికి ఇది చాలు. ఏటీటైనీ85కు ఎనిమిది రెట్ల మెమరీ ఉన్నా రెండు టైమర్లూ 8 బిట్లవే కాబట్టి ఆ గంతులు తగ్గవు. పడకగది దీపానికైతే నా ఓటు 14 కాళ్ల ఏటీటైనీ84కే. అందులో 16 బిట్ల టైమర్ ఉంది. ఆర్డుయినో ఊనోలోనూ అలాంటిది ఉంది గానీ, మామూలు అనలాగ్‌రైట్ ఆదేశం 8 బిట్లే వాడుకుంటుంది. 9, 10 పిన్నుల మీద టైమర్‌ను మనమే నేరుగా సెట్ చేసుకోవాలి.

అలాగని 16 బిట్లూ వాడేయకూడదు. చిప్పు 8 మెగాహెర్ట్జ్ వేగాన్ని 65,536తో భాగిస్తే సెకనుకు 122 విడతలే వస్తాయి. దీపం ముందు చెయ్యి ఆడిస్తే వేళ్లు ముక్కముక్కలుగా కనిపిస్తాయి. 12 బిట్ల దగ్గర ఆగితే 4,096 మెట్లు, సెకనుకు 1,953 విడతలు. చక్కగా కుదురుతుంది. కొత్త చిప్పు మాత్రం ఎనిమిదో వంతు వేగానికి సెట్ అయి వస్తుంది, ఆ వేగాన్ని నిర్ణయించే ఫ్యూజు అనే సెట్టింగ్‌ను మార్చడం మరవొద్దు.

పైన చెప్పిన చిప్పులన్నీ ఏవీఆర్ కుటుంబానివి, వీటిలో ఇంకో సంగతి ఉంది. టైమర్‌ను ఫాస్ట్ పీడబ్ల్యూఎం అనే పద్ధతిలో నడిపితే, విలువను సున్నా చేసినా ప్రతి విడతలో ఒక సన్నని పల్స్ వెలువడుతుంది, చీకట్లో దీపం మసగ్గా మెరుస్తూనే ఉంటుంది. సున్నా దగ్గర ఆ పిన్నును టైమర్ నుంచి విడదీస్తేనే పూర్తిగా ఆరుతుంది.

పిన్ను నేరుగా ఒక చిన్న ఎల్ఈడీని, అదీ రెసిస్టర్‌తోనే, మోయగలదు. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌కైతే మధ్యలో స్విచ్చిలా పనిచేసే మాస్ఫెట్ పెట్టాలి. 5 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ తీసుకోండి. పేరు దగ్గరగా ఉన్న ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్‌కు గేటు దగ్గర 10 వోల్టులు కావాలి. గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ కలిపితే, కరెంటు ఇవ్వగానే ప్రోగ్రామ్ మొదలయ్యేలోపు స్ట్రిప్ భగ్గున వెలగదు.