ఋతుశోభయు ఛాయాచిత్రములును

మన కావ్యములందు ఋతువర్ణనములకు కొదువ లేదు. వసంతమున కోకిలయు, వర్షాకాలమున నెమలియు, శరత్తున హంసయు ననుచు చిన్ననాటినుండి చదువుకొన్నవారమే. చదివినదానికిని కన్నులయెదుట నున్నదానికిని గల భేదమును తెలిసికొనుటకు ఛాయాచిత్రము చక్కని సాధనము. చేతిఫోనులోనే కెమెరా యుండు నీ దినములలో ఈ విద్య పురుషులకే చెల్లునని యెవరును చెప్పజాలరు.

మొదట మన సీమయొక్క ఋతుక్రమమును గమనింపవలెను. శాస్త్రప్రకారము శ్రావణ భాద్రపదములు వర్షర్తువు. కాని తిరుపతి చిత్తూరు ప్రాంతములకు నైరృతి వానలతోపాటు ఈశాన్య ఋతుపవనములును వర్షము నిచ్చును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినపుడు ఆశ్వయుజ కార్తికములలో పెద్దవానలు కురియును. కావున కవులు నిర్మలాకాశమును వర్ణించు శరత్తునందే మన తలకోన జలపాతము నిండుగా దుముకుచుండును. పుస్తకమును నమ్మి భాద్రపదముతో చిత్రములు ముగించువారికి ఈ శోభ దక్కదు.

శేషాచలపు అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానముగను, 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగను ప్రకటింపబడినవి. ఎర్రచందనము ప్రపంచమున సహజముగా పెరుగునది తూర్పుకనుమల దక్షిణభాగముననే. శిశిరమున ఆకు రాల్చి, మొసలిచర్మమువంటి బెరడుతో నిలుచు నీ వృక్షము వేసవిలో చిగిర్చి పసుపుపచ్చని పూలు పూయును. పిమ్మట చుట్టును రెక్కగల గుండ్రని కాయలు కాయును. ఒక్క చెట్టును ఒక్కచోటనే నిలిచి నెలకొకమారు తీసినచో పండ్రెండు చిత్రములలో సంవత్సరమంతయు కనబడును. ఇందుకు అడవికి పోనక్కరలేదు. పెరటిలోని వేపయైనను చాలును.

ఈ కొండల చెమ్మగల రాతినెరియలలో బంగారుబల్లి నివసించును. 1870లో బెడ్డోమ్ దొర దీనిని శాస్త్రలోకమునకు తెలిపినది ఈ తిరుపతి కొండలనుండియే. మగబల్లి మేని పసిమి చూడముచ్చటగా నుండును. పొరుగుననున్న కడప సీమలోని కలివికోడి కథ మరియు విచిత్రము. జెర్డన్ దొర కనుగొనగా 1848లో బ్లైత్ దొర వర్ణించిన యీ పక్షి 1900 తరువాత కానరాక, నశించినదని తలంపబడి, 1986లో మరల దొరకినది. రాత్రులందు మాత్రమే తిరుగు దీని జాడ తీయుటకు, ఎదుటికి వచ్చిన ప్రాణిని తమంతట తామే చిత్రించు కెమెరాలను పొదలలో అమర్చిరి. ఇట్టియెడ చిత్రము వినోదము కాదు, సాక్ష్యము.

అయితే ఈ వేడుకయందొక పాపభయము కలదు. సూళ్లూరుపేట చెంతనున్న నేలపట్టున అక్టోబరు మొదలు మార్చి వరకు గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. చిత్రముకొరకు మనము గూటిని సమీపించితిమేని తల్లి బెదరి లేచిపోవును. గ్రుడ్లు ఎండపాలగును, లేదా కాకులపాలగును. ఒక పటముకొరకు ఒక కాపురమును కూల్చుట తగునా? దేవాంగపిల్లి రాత్రి సంచరించు సాధుజంతువు; దాని పెద్దకన్నులలోనికి మెరపుదీపము వేయరాదు. మూఢనమ్మకములకై దానిని పట్టువారు నేటికిని ఉన్నారు గనుక, అది కనబడిన తావును నలుగురికి చాటుటయు ద్రోహమే. అనుమతి లేక రక్షితారణ్యములు చొచ్చుట నేరమని మరువరాదు.

నేలపట్టుకు సమీపముననే ప్రళయకావేరి యనబడు పులికాట్ సరస్సున్నది. శీతకాలమున అచట దిగు పొడుగుకాళ్ల గులాబిరంగు పక్షులను జనులు రాజహంసలందురు. మన కావ్యముల హంస యిది కాదు. అయినను దూరమునుండి తీసిన వీని బారు చూచిన కన్నులకు ఆ భేదము కొరతగా తోచదు.

ప్రాతఃకాలమున ముగ్గు పెట్టు వేళ వెలుతురు మెత్తగా నుండును. చిత్రమునకు అదియే మంచి ముహూర్తము. ప్రతి చిత్రమునకు తేది, తిథి, స్థలము, ఆనాటి వాన వ్రాసి యుంచుడు. మీ వేప యే యేట ముందుగా పూచినదో, యే యేట వాన వెనుకబడినదో పదేండ్ల పిమ్మట మీ బిడ్డలకు ఆ పుస్తకమే చెప్పును. మన పెద్దలు ఋతువులను పద్యములలో దాచి మనకిచ్చిరి. మనము పటములలో దాచి మన సంతతి కిత్తము.