ఓడ ప్రమాదాల నుండి బయటపడినవారి సాక్ష్యం

ఓడ లేదా పడవ మునిగినప్పుడు ప్రాణాలతో బయటపడినవారు ఇచ్చే వాంగ్మూలం ప్రమాద విచారణలో ముఖ్యమైన ఆధారం. ఓడ నీటి అడుగున ఉండగా, ప్రమాదం ఎలా జరిగిందో చెప్పగలిగినవారు చాలాసార్లు వీరు మాత్రమే. అయితే శరీరం చల్లబడడం వలన, ప్రాణభయం వలన వీరి జ్ఞాపకాలలో ఖాళీలు, పొరపాట్లు ఏర్పడతాయి. ఇద్దరు పరస్పర విరుద్ధంగా చెప్పినంత మాత్రాన వారిలో ఒకరు అబద్ధమాడుతున్నారని భావించరాదు.

అల్పోష్ణత

మానవ శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత సాధారణంగా సుమారు 37 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది 35 డిగ్రీల కంటే తగ్గిన స్థితిని అల్పోష్ణత లేదా హైపోథెర్మియా అంటారు. 35 నుండి 32 డిగ్రీల వరకు స్వల్పమైనదిగా, 32 నుండి 28 వరకు మధ్యమమైనదిగా, 28 కంటే దిగువన తీవ్రమైనదిగా వర్గీకరిస్తారు. వణుకు, మాట తడబడడం, మగత, అయోమయం దీని లక్షణాలు. తీవ్రస్థితిలో కొందరు చలిలోనే తమ బట్టలు విప్పివేస్తారు.

నీటికి గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ ఉష్ణవాహకత ఉంది. అందువలన తడిసిన శరీరం త్వరగా వేడిని కోల్పోతుంది. ఈ ప్రమాదం మంచు సముద్రాలకే పరిమితం కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి ప్రాంతాలలో శీతాకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గుతుంది. అటువంటి రాత్రి తడిబట్టలతో ఆరుబయట ఉండిపోయినవారికి కూడా అల్పోష్ణత కలుగవచ్చు.

జ్ఞాపకశక్తిపై చలి ప్రభావం

1983లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగ ఫలితాల ప్రకారం, శరీరం చల్లబడినవారు అంతకుముందు నేర్చుకున్న విషయాలను గుర్తు తెచ్చుకోగలిగారు. కాని చల్లబడి ఉన్న సమయంలో కొత్తగా తెలుసుకున్నవాటిని సరిగా నిలుపుకోలేకపోయారు. దీనినిబట్టి, సాక్షి ఓడపై ఉండగా చూసిన దానిని, చాలాసేపు నీటిలో ఉన్న తరువాత చూసిన దానిని వేరుచేసి పరిశీలించడం అవసరం.

భయం ప్రభావం

తీవ్రమైన భయంలో దృష్టి ప్రాణం నిలిపే ఒకటి రెండు విషయాలపైనే నిలుస్తుంది. చేతికందిన తాడు స్పష్టంగా గుర్తుండవచ్చు. అదే సమయంలో పడవ ఏ పక్కకు ఒరిగిందో గుర్తుండకపోవచ్చు. అమెరికా సైనిక శిక్షణలో పాల్గొన్న 500 మందికి పైగా వ్యక్తులపై జరిపిన అధ్యయనం 2004లో వెలువడింది. వారు తమను తీవ్ర ఒత్తిడికి గురిచేసి ప్రశ్నించినవారి కంటే, తక్కువ ఒత్తిడితో ప్రశ్నించినవారినే మెరుగుగా గుర్తుపట్టారు.

ప్రశ్న అడిగే తీరు కూడా జ్ఞాపకాన్ని మారుస్తుంది. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగాలలో, కార్లు "ఢీకొన్న" వేగాన్ని అడగడానికి తీవ్రమైన పదం వాడినప్పుడు సాక్షులు ఎక్కువ వేగం చెప్పారు. వారిలో కొందరు లేని పగిలిన అద్దాలను కూడా చూశామన్నారు.

టైటానిక్ ఉదాహరణ

టైటానిక్ 1912 ఏప్రిల్ 15న మునిగింది. అప్పటి సముద్రజలం ఉష్ణోగ్రత సుమారు -2 డిగ్రీలు. ఓడ అధికారి చార్లెస్ లైటోలర్, 17 ఏళ్ళ ప్రయాణికుడు జాక్ థేయర్ ఇద్దరూ నీటిలో పడి, తలక్రిందులైన ఒకే పడవపైకి చేరి బ్రతికారు. ఓడ విరగలేదని లైటోలర్, విరిగిందని థేయర్ చెప్పారు. ఓడ రెండుగా విరగలేదని బ్రిటిషు విచారణ తేల్చింది. 1985లో శిథిలాలు కనుగొనబడినప్పుడు ఓడ రెండు భాగాలుగా ఉన్నట్లు వెల్లడైంది. ఈ తేడాకు చలి ఒక్కటే కారణమని చెప్పలేము. చీకటి, చూసిన కోణం కూడా లెక్కలోకి వస్తాయి. అయితే సాక్షి హోదా, అనుభవం మాత్రమే సాక్ష్యానికి కొలత కాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పడవ ప్రమాదాలు

2019 సెప్టెంబరు 15న గోదావరిలో పాపికొండలు వెళ్తున్న పర్యాటక పడవ కచ్చులూరు వద్ద మునిగింది. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. పడవలో ఎందరున్నారన్న దానిపై తొలి వార్తలలో సంఖ్య మారుతూ వచ్చి, చివరకు 77గా తేలింది. 2021 మే నెలలో సీలేరు జలాశయంలో రాత్రివేళ నాటుపడవలు మునిగి, హైదరాబాదు నుండి తిరిగి వస్తున్న ఒడిషా వలస కూలీలు మరణించారు. ఈ రెండూ చలికాలపు ప్రమాదాలు కావు; ఇటువంటి వాటిలో ఆకస్మికత, భయం, చీకటి వంటివే జ్ఞాపకాన్ని ఎక్కువగా దెబ్బతీస్తాయి. ప్రయాణికుల జాబితా లేని నాటుపడవలలో, ఎవరి కోసం గాలించాలో కూడా బ్రతికినవారు చెప్పే లెక్కపైనే ఆధారపడుతుంది. ఒక పేరు మరచిపోతే ఆ మనిషి కోసం గాలింపే జరగకపోవచ్చు.

వాంగ్మూలం సేకరించే విధానం

మొదట వైద్యం, వెచ్చదనం, విశ్రాంతి కల్పించాలి. సాక్షులు పరస్పరం చర్చించుకోక ముందే విడివిడిగా అడగడం మంచిది. "పడవ బండను తాకిందా?" వంటి సూచన చేసే ప్రశ్నలకు బదులు, జరిగినది వరుసగా చెప్పమనాలి. "గుర్తులేదు" అన్న సమాధానాన్ని యథాతథంగా నమోదు చేయాలి. ఆ తరువాత వాంగ్మూలాలను శిథిలాలు, ఛాయాచిత్రాలు, ఫోను సమాచారం వంటి ఇతర ఆధారాలతో సరిపోల్చాలి.