అటక మీది ఓడను దించండి

చిన్న నమూనా కట్టి కెమెరాలో పెద్దదిగా చూపడం మన ఫిలింనగర్ వారికి తెలిసిన విద్యే. ఆ సరదా జూబిలీహిల్స్ ఇళ్లలోనూ ఉండొచ్చు. 1948లో విశాఖలో జలప్రవేశం చేసిన ‘జలఉష’ ఫోటో దగ్గర పెట్టుకోండి. రెండువందల అడుగులను ఒక అడుగుగా కుదించే లెక్క పిల్లలకప్పగించండి. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర తేలిక, మెత్తన. కత్తిపని మాత్రం పెద్దలదే.

అటక మీద పాత తెరచాప ఓడ ఉందా? విరిగిందని పారేయకండి. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. తడిగుడ్డ పెడితే జిగురు వదులుతుంది. ఊడిన ముక్కలన్నీ డబ్బాలో దాచండి. ముందు కొయ్యస్తంభాలు అతికించి, ఆరాక తాళ్లు కట్టండి. మాటలు కరువైన ఇంట్లో తాతామనవళ్లను ఒకచోట కూర్చోబెట్టేది ఇలాంటి పనేనమ్మా!